కేదార్‌నాథ్ హెలికాప్టర్ షటిల్ సమీక్ష: కింద దిగే చోటెక్కడ?

కేదార్‌నాథ్ హెలికాప్టర్ సర్వీసు మీద తెలుగులో సమీక్షలకు కొదవ లేదు. టికెట్లు ఎంతసేపట్లో అయిపోయాయి, కిటికీ సీటు దొరికిందా లేదా, పైనుంచి మందాకిని ఎలా కనిపించింది... అన్నిటిలోనూ ఇవే. ఇక్కడ ఈ సర్వీసుని ఒకే ప్రశ్నతో తూస్తున్నాం. గాల్లో ఉండే ఆ ఏడెనిమిది నిమిషాల్లో ఎప్పుడు తేడా వచ్చినా, దించడానికి పైలట్‌కి కింద చోటుందా? ఉంటే అది ముందే అనుకుని పెట్టుకున్నదా, అప్పటికప్పుడు వెతుక్కోవాల్సిందా?

ముందు వివరాలు. గుప్తకాశీ, ఫాటా, సిర్సీ అనే మూడు చోట్ల నుంచి షటిల్ నడుస్తుంది. చార్‌ధామ్ యాత్ర రిజిస్ట్రేషన్ అయ్యాకే ఐఆర్‌సీటీసీ వారి హెలీయాత్ర సైట్‌లో టికెట్ తీసుకోవాలి. 2025 మేలో రానుపోను చార్జీ ఫాటా, సిర్సీల నుంచి 6,000 రూపాయల పైచిలుకు, గుప్తకాశీ నుంచి 8,500 పైచిలుకు ఉండేది. సెప్టెంబరులో సర్వీసు మళ్ళీ మొదలైనప్పుడు దాదాపు సగం పెరిగింది. సామాను మనిషికి 2 కిలోలు, అదీ మెత్తటి సంచిలో. ఒంటి బరువు 80 కిలోలు దాటితే కిలోకి ఇంత అని అదనంగా కట్టించుకుంటారు. ఇది డబ్బు గుంజడానికి పెట్టిన షరతని చాలామంది అనుకుంటారు. కాదు. ఎందుకో కిందకి వెళ్ళేసరికి తెలుస్తుంది.

ఈ దారిలో తిరిగేవి బెల్ 407, ఎయిర్‌బస్ హెచ్125, ఏడబ్ల్యూ119 లాంటి సింగిల్ ఇంజిన్ హెలికాప్టర్లు. ఒక్కటే ఇంజిన్ అనగానే కంగారు పడక్కర్లేదు. ఇవి కొండలకి పనికొచ్చే యంత్రాలే. 2005 మేలో ఎవరెస్టు శిఖరం మీద దిగింది ఈ హెచ్125 పాతరూపమైన ఏఎస్350 బీ3 రకమే. యంత్రానికి 5కి 4 మార్కులు ఇవ్వొచ్చు.

ఇంజిన్ ఆగితే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందన్నది అపోహ. తాటాకు గిరకకి తుమ్మముల్లు గుచ్చి పరిగెత్తిన వాళ్ళెవరికైనా దీని కిటుకు తెలుసు: ఎదురుగాలి తగిలితే రెక్క దానంతటదే తిరుగుతుంది. ఇంజిన్ ఆగిన వెంటనే పైలట్ ఎడమచేతి దగ్గరున్న కలెక్టివ్ లివర్‌ని పూర్తిగా కిందకి దించేస్తాడు. దాంతో పైరెక్కల వాలు తగ్గి, కిందనుంచి పైకి వచ్చే గాలి వాటిని తిప్పుతూ ఉంటుంది. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. లివర్ దించడానికి దొరికేది ఒకటి రెండు సెకన్లు. అంతకన్నా ఆలస్యమైతే రెక్కల వేగం పడిపోతుంది, పడిపోయిన వేగాన్ని మళ్ళీ తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఆ తర్వాత సుమారు 60 నుంచి 80 నాట్ల (గంటకి 110 నుంచి 150 కిలోమీటర్ల) వేగం పట్టుకుని చోటు ఎంచుకోవాలి. నేల దగ్గరపడగానే ముక్కు పైకెత్తి వేగం చంపుకోవాలి. ఆఖరి కొద్ది అడుగుల్లో కలెక్టివ్ లాగి, రెక్కల్లో మిగిలిన ఊపుని మెత్తటి దిగుడుకి ఖర్చుపెట్టాలి. ఆ ఊపు ఒక్కసారికే వస్తుంది.

అయితే ఇదంతా ఎత్తు చేతిలో ఉంటేనే. ఆటోరొటేషన్‌లో హెలికాప్టర్ నిమిషానికి 1,500 నుంచి 2,000 అడుగులు దిగిపోతుంది. ముందుకి పోయే దూరం ఎత్తుకి నాలుగింతలు అనుకోవచ్చు. నేల నుంచి 2,000 అడుగుల ఎత్తులో ఉంటే నిమిషం పైన వ్యవధి, రెండు కిలోమీటర్ల పైన చుట్టుపట్టు దక్కుతాయి. 500 అడుగుల్లో ఉంటే పదిహేను ఇరవై సెకన్లు. అందులో రెండు మూడు సెకన్లు ఏం జరిగిందో తెలుసుకోవడానికే పోతాయి.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. కేదార్‌నాథ్ లోయ వన్యప్రాణి అభయారణ్యం. కస్తూరి మృగాలూ పక్షులూ బెదరకుండా హెలికాప్టర్లు నేలకి కనీసం 600 మీటర్ల ఎత్తున ఎగరాలన్నది పర్యావరణ నిబంధన. 600 మీటర్లంటే దాదాపు 2,000 అడుగులు. జంతువుల కోసం పెట్టిన ఈ నియమమే ఇంజిన్ ఆగిన రోజున మనుషుల ఊపిరి. దీన్ని తప్పి కిందుగా ఎగురుతున్నారన్న ఫిర్యాదులు ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. ఎత్తుకి ఎక్కాలంటే ఇంధనం, సమయం రెండూ ఖర్చు. రోజుకి ఎన్ని ట్రిప్పులన్నదే లెక్కయిన సర్వీసులో ఆ ఖర్చు ముందు కోతకు వస్తుంది. షటిల్ నడిచే తీరులో మొదటి మైనస్ ఇదే.

రెండోది పల్చటి గాలి. కేదార్‌నాథ్ 11,750 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే 70 శాతమే. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీలు. జూన్ మధ్యాహ్నం 10 డిగ్రీల ఎండ కాసిందనుకోండి, హెలికాప్టర్ రెక్కలకు ఆ చోటు దాదాపు 14,000 అడుగుల ఎత్తులా అనిపిస్తుంది. ఇంజిన్ శక్తి తగ్గుతుంది, రెక్క పట్టు తగ్గుతుంది, తోకరెక్క బలమూ తగ్గుతుంది. బరువు తూకం అంత కచ్చితంగా ఉండేది అందుకే. 85 కిలోల మనిషి బుకింగ్‌లో 72 అని రాస్తే, అలాంటివాళ్ళు ముగ్గురు ఒకే ట్రిప్పులో పడితే, నలభై కిలోలు లెక్కలో లేకుండా ఎక్కినట్టే. హెలిప్యాడ్ దగ్గర కాటా మీద నిలబెడతారు, అప్పుడు ఒక మనిషిని దించాల్సివస్తే ఆ ఇబ్బంది మీ కుటుంబానికే. నిజం రాయండి. బరువు సర్దుకోవడానికి ఇంధనం కూడా తగుమాత్రమే పోస్తారు. పైన మేఘం కమ్మితే అది తొలగేదాకా గాల్లో చక్కర్లు కొట్టే వెసులుబాటు ఉండదు, వెనక్కి తిరగాల్సిందే.

దిగడానికి చోట్లు ఏమున్నాయో చూద్దాం. గుప్తకాశీ నుంచి సోన్‌ప్రయాగ దాకా పరవాలేదు. మెట్ల పొలాలు, బడి మైదానాలు, వరసగా హెలిప్యాడ్లు ఉన్నాయి. మెట్ల పొలం కూడా అంత మంచి చోటేం కాదు. మడి వెడల్పు కొన్ని మీటర్లే, హెలికాప్టర్‌కి కాళ్ళలా ఉండే స్కిడ్ కడ్డీల్లో ఒకటి గట్టు మీదా ఒకటి గాల్లోనూ పడితే బోల్తా ఖాయం. గౌరీకుండ్ దాటాక కథ మారిపోతుంది. రెండు వైపులా నిలువు కొండ, అడవి. కింద 2013 వరద తెచ్చిపోసిన బండరాళ్ళతో నదీగర్భం. పక్కన గుర్రాలూ జనమూ కిక్కిరిసిన నడకదారి. మధ్యలో లించోలీ, చీర్‌బాసా దగ్గర హెలిప్యాడ్లు ఉన్నాయి, 2024 జూలై 31 వాన బీభత్సం తర్వాత యాత్రికులను తరలించడానికి వాటిని వాడారు కూడా. అంటే లోయ పైభాగంలో లెక్కపెట్టుకోదగ్గ చోట్లు వేళ్ళ మీద ఉన్నాయి. మంచి పైలట్ వీటిని ముత్యాల దండలా మనసులో గుచ్చుకుని ఎగురుతాడు: ఈ మలుపు దాకా వెనక్కి, ఆ మలుపు దాటితే లించోలీకి, అక్కడనుంచి ఏం జరిగినా కేదార్ ప్యాడ్‌కే. దిగే చోట్ల విషయంలో ఈ దారికి 5కి 2 మార్కులు మించి ఇవ్వలేం. ఆ తప్పు కొండది. కాకపోతే, కొండ అలాంటిదని తెలిసీ ట్రిప్పులు పెంచుకుంటూ పోవడం మనుషుల తప్పు.

అత్యవసరంగా దించిన సంఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలా తెలుస్తుంది. 2024 మే 24న సిర్సీ నుంచి ఆరుగురు యాత్రికులతో వచ్చిన హెలికాప్టర్ కేదార్ ప్యాడ్ ముందు అదుపు తప్పి గిరగిరా తిరిగింది. పైలట్ దాన్ని ప్యాడ్‌కి కాస్త దూరంలో నేలకి దించాడు, అందరూ బతికారు. 2025 మే 17న ఎయిమ్స్ రిషికేశ్ హెలీ అంబులెన్స్ అదే ప్యాడ్ దగ్గర గట్టిగా దిగి తోక విరిగింది, లోపలున్న ముగ్గురూ క్షేమం. జూన్ 7న సిర్సీ దగ్గర బడాసూ నుంచి లేచిన వెంటనే ఇబ్బంది రాగా పైలట్ హెలికాప్టర్‌ని హైవే మీదే దించేశాడు. తోక విరిగింది, ఒక కారు నలిగింది, పైలట్‌కి గాయాలయ్యాయి, యాత్రికులు ఐదుగురూ నడిచి బయటికొచ్చారు.

ఈ మూడింటిలోనూ నేల దగ్గరే ఉంది, పైలట్ యంత్రాన్ని కాపాడే ఆశ వదిలేసి మనుషుల్ని కాపాడే పని చూశాడు. తోక విరిగితే విరగనీ, లోపలివాళ్ళు కూర్చునే డబ్బా నిటారుగా ఉంటే చాలు అన్నది ఈ వృత్తిలో పాత సూత్రం.

నాలుగోది గంగనానీ. 2025 మే 8న ఖర్సాలీ నుంచి గంగోత్రి వైపు వెళ్తున్న బెల్ 407. ఇది షటిల్ కాదు, చార్టర్. ఏడుగురిలో ఆరుగురు పోయారు, వాళ్ళలో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళినవారూ ఉన్నారు. దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదిక ప్రకారం పైలట్ ఉత్తరకాశీ–గంగోత్రి రోడ్డు మీద దించబోయాడు. రోడ్డు పొడుగునా పైన వెళ్తున్న ఫైబర్ కేబుల్ పైరెక్కకి తగిలింది. రోడ్డు పక్క ఇనప కంచెకీ దెబ్బ తగిలింది. ఆ తర్వాత హెలికాప్టర్ సుమారు 250 అడుగుల లోతుకి దొర్లిపోయి చెట్టుకి ఆనుకుంది.

జూన్ 7న బతికించింది రోడ్డే, మే 8న బతికించలేకపోయింది కూడా రోడ్డే. బెల్ 407 పైరెక్కల చక్రం వ్యాసం 10.67 మీటర్లు. రెండు వరసల ఘాట్ రోడ్డు తారు వెడల్పు 7 మీటర్లు. అంటే రోడ్డు నడిమధ్య దిగినా రెక్కలు రెండు పక్కలా దాదాపు రెండేసి మీటర్లు బయటికి పోతాయి. అటు కొండ, ఇటు స్తంభాలు. తీగలు గాల్లోంచి కనబడవు, స్తంభాలే కనబడతాయి. అందుకే తీగ కోసం కాకుండా స్తంభం కోసం వెతకమని నేర్పుతారు. స్తంభం కనిపించిందంటే తీగ ఉన్నట్టే. చార్‌ధామ్ దారుల్లో రోడ్డు పొడుగునా ఏ ముక్కలో తీగలు లేవో, ఏ ముక్క వెడల్పుగా ఉందో ముందే సర్వే చేసి పైలట్ల మ్యాప్‌లో పెట్టడం పెద్ద ఖర్చేం కాదు. కేబుల్‌ని భూమిలోకి దించడం ఇంకా మంచిది. అది కుదరని చోట తీగలకి ఎర్ర, తెల్ల బంతులు కట్టాలి. సర్వీసు నాణ్యత తూచేటప్పుడు హెలిప్యాడ్‌లో కుర్చీలూ టీ కొట్టూ ఉన్నాయా అన్నదానికంటే ఇది ఎంత జరిగిందన్నది ముఖ్యం.

ఇంతసేపూ యంత్రం గురించే మాట్లాడుకున్నాం. ఈ లోయలో ఎక్కువ ప్రాణాలు తీసింది మాత్రం మేఘం. 2022 అక్టోబరు 18న గరుడచట్టి దగ్గర ఏడుగురు, 2025 జూన్ 15 తెల్లవారుజామున గౌరీకుండ్ పైన అడవిలో ఏడుగురు. రెండూ కేదార్‌నాథ్ నుంచి గుప్తకాశీకి తిరిగొస్తున్నవే, రెండు రోజులూ లోయలో చూపు ఆనని వాతావరణమే. మేఘంలో దూరాక ఆటోరొటేషన్, రోడ్డు, లించోలీ ఏవీ అక్కరకు రావు. అక్కడ పనికొచ్చే పని ఒక్కటే, మేఘం ముందుందని తెలియగానే వెనక్కి తిరగడం. తిరగడానికీ చోటు కావాలి. ఆ ఎత్తులో 70 నాట్ల అసలు వేగంతో, 30 డిగ్రీల వంపుతో వెనక్కి తిరగాలంటే దాదాపు 460 మీటర్ల వెడల్పు పడుతుంది. లోయ నడిమధ్యన ఎగిరేవాడికి లోయ వెడల్పులో సగమే చేతిలో ఉంటుంది. కొండ అంచు పట్టుకుని ఎగిరేవాడికి లోయ మొత్తం ఉంటుంది. కిటికీలోంచి చూసి కొండకి ఇంత దగ్గరగా పోతున్నాడేమిటని భయపడతాం గానీ, ఆ పైలట్ మన కోసమే అలా పోతున్నాడు.

తెలుగువాళ్ళకి ఈ పాఠం కొత్త కాదు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో పావురాలగుట్ట మీద కూలిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ బెల్ 430. దానికి రెండు ఇంజిన్లు, ఇద్దరు పైలట్లు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక రావడంతో సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారనీ, ఈలోగా దట్టమైన వానమబ్బులోకి వెళ్ళిపోయారనీ విచారణ కమిటీ తేల్చింది. శిథిలాలు దొరికింది మర్నాడు. ప్రమాద సంకేతం పంపాల్సిన ఈఎల్‌టీ పరికరం నుంచి సిగ్నలే రాలేదు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ బాలయోగి పోయింది కైకలూరు దగ్గర చేపల చెరువుల సీమలో. కొండ అవసరం లేదు, చూపు ఆనకపోతే కొల్లేటి పల్లం కూడా చాలు.

ఈఎల్‌టీ గురించి రెండు మాటలు. దెబ్బ తగలగానే దానంతటదే 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి కబురు పంపాలి. పరికరం బాగానే ఉండి, యాంటెన్నా తీగ తెగడం వల్లో, హెలికాప్టర్ తలకిందులై యాంటెన్నా నేలలో కూరుకుపోవడం వల్లో మూగబోవడం మామూలే. పాత పరికరాలు వాడే 121.5 మెగాహెర్ట్జ్‌ని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తోనే ఆగిపోయింది. ముందు జాగ్రత్త అని మీరే ఉపగ్రహ మెసెంజరో శాటిలైట్ ఫోనో తీసుకెళ్దామనుకోకండి, మన దేశంలో అనుమతి లేకుండా అది దగ్గర పెట్టుకోవడమే నేరం. అమెరికా నుంచి వచ్చే మనవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి.

ప్యాడ్ మీద జాగ్రత్తలకి వద్దాం. షటిల్‌లో రెక్కలు ఆపరు, తిరుగుతుండగానే దింపుతారు, ఎక్కిస్తారు. 2023 ఏప్రిల్ 23న కేదార్‌నాథ్‌లోనే రాష్ట్ర విమానయాన సంస్థ అధికారి ఒకరు తోకరెక్క తగిలి చనిపోయారు. పనిలో ఉన్న మనిషికే అలా జరిగింది. తోకవైపు ఏ పరిస్థితిలోనూ వెళ్ళకూడదు, అటువైపు ఫోన్ పట్టుకుని ఫోటోకి అసలే వద్దు. పైలట్‌కి కనిపించేలా ముందునుంచో, ముందు పక్కనుంచో వంగి రావాలి. వాలు నేల అయితే పల్లం వైపు నుంచి రావాలి, మెరక వైపు రెక్క తలకి తగిలే ఎత్తులో తిరుగుతుంది. చున్నీ, కండువా, మఫ్లర్, టోపీ విప్పి సంచిలో పెట్టేయాలి. చేతికర్ర నిలువుగా ఎత్తకుండా అడ్డంగా, నడుం కింద పట్టుకోవాలి.

భద్రతా వివరణకి 5కి 2 మార్కులు. రెక్కల హోరులో ఎవరు ఏం చెప్పినా వినపడదు. క్యూలో ఉన్నప్పుడే అడిగి తెలుసుకోవాల్సినవి ఇవి: బెల్టు బకిల్ తిప్పితే ఊడుతుందా, ఎత్తితే ఊడుతుందా? తలుపు పిడి లోపలివైపు ఎక్కడుంది, ఎటు తిప్పాలి? మంటలార్పే సిలిండర్ ఎక్కడ? ఎక్కి కూర్చోగానే తలుపు పిడి మీద ఒకసారి చెయ్యి వేసి చూసుకోండి. లాగొద్దు, ఎక్కడుందో చేతికి తెలిస్తే చాలు. దించేస్తున్నానని పైలట్ అరిస్తే బెల్టు బిగించి, వీపు సీటుకి ఆనించి, గడ్డం ఛాతీకి ఆనించాలి. పిల్లల బెల్టు పిల్లలకే ఉండాలి. ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పిల్లవాణ్ణి దెబ్బ తగిలిన క్షణాన ఎంత బలవంతుడైనా పట్టుకోలేడు. నేలకి తగిలాక పరుగెత్తకండి. రెక్కలు ఆగేదాకా బెల్టు విప్పొద్దు, పొగో మంటో కనిపిస్తే తప్ప.

2025 జూన్ 15 తర్వాత చార్‌ధామ్ సర్వీసులు రెండు రోజులు ఆపేశారు. వానాకాలం విరామం తర్వాత సెప్టెంబరు మధ్యలో మళ్ళీ మొదలుపెట్టే ముందు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ బృందాలు హెలిప్యాడ్లనీ హెలికాప్టర్లనీ తనిఖీ చేశాయి. విమానయాన శాఖ మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడే. రద్దీ చోట్ల హెలికాప్టర్ల రాకపోకలు చూసే కంట్రోలర్లని పెట్టడం, కెమెరాలతో వాతావరణం చూడటం మంచి అడుగులు. కెమెరాలో మబ్బు కనిపిస్తే ట్రిప్పు ఆపే అధికారం ఎవరిది, ఆపినందుకు కంపెనీ నుంచి పైలట్‌కి మాట పడుతుందా లేదా అన్నది కెమెరాలో కనపడదు.

బుకింగ్‌లో ఒక కిటుకు చెప్పాలి. తిరుగు టికెట్‌కి మర్నాడు ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. ఆ సాయంత్రమే డెహ్రాడూన్‌లో విమానం ఎక్కాలన్న తొందర ఉంటే మీరు కౌంటర్ దగ్గర గొడవ పడతారు, ఆ గొడవ ఎంతో కొంత పైలట్ దాకా వెళ్తుంది. ఉదయం స్లాట్లు మేలు, మధ్యాహ్నానికి లోయలో మబ్బులు లేస్తాయి. తొలి స్లాట్ కంటే ముందే ఎగిరే బేరం ఎవరైనా పెడితే ఒప్పుకోకండి. వాతావరణం బాగాలేక కంపెనీయే రద్దు చేస్తే టికెట్ డబ్బు వెనక్కి వస్తుంది, బుకింగ్ రుసుము రాదు. అప్పుడు గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల నడక ఉండనే ఉంది, పెద్దవాళ్ళకి డోలీ, గుర్రం.

ఆ 2 కిలోల సంచిలో చోటు లేదని స్వెట్టర్ కారులో వదిలేయొద్దు, ఒంటిమీదే వేసుకోండి. రోజూ వేసుకునే మందులు రెండు రోజులకి సరిపడా, చిన్న టార్చి, ఒక ఈల జేబులో ఉంచుకోండి. సంచి సీటు కింద ఇరుక్కుపోవచ్చు, జేబు మీతోనే వస్తుంది.